పెరిగిన మూత

టీకి పావుగంట అని వరండా గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. కండక్టరు గారు గొంతు సవరించుకున్నారంటే ఆ పావుగంట ముప్పావుగంట అవుతుందని కూడా అందరికీ తెలుసు. అది మాత్రం ఎవరూ గోడ మీద రాయలేదు.

ఆ రోజు టీచరమ్మ ఆయనకి ఎదురు బెంచీ మీద, కాళ్ల మధ్య గుడ్డసంచీ పెట్టుకుని కూర్చుంది. సంచీలో మూడు వస్తువులున్నాయి. ఒకటి, వాళ్లమ్మ పంచదార పోసుకున్న జాడీ. రెండోది, ఆ జాడీ కోసం చేసి, నిన్ననే బట్టీలోంచి దించిన కొత్త మూత. మూడోది, మట్టి మరకల ఏప్రను. ఏప్రను ఎప్పుడూ లోపల మేకుకే వేలాడుతుంది. ఇవాళ పొద్దున్నే వచ్చి తీసి సంచీలో పెట్టేసుకుంది. సంగతేమిటో ఈ పూట తేలకపోతే రేపటి నుంచి ఇక్కడికి రాదలుచుకోలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. పరీక్ష హాల్లో వెనక బెంచీలో చీటీ విప్పితే ముందు వరసలోంచి వినేది. రిటైరయ్యాక చేతులు ఊరికే ఉంచుకోలేక ఈ కుండల స్టూడియోలో చేరింది. ఒకప్పుడు సైకిల్ షెడ్డు అది. గోడలు లేపి, ఆరు కరెంటు చక్రాలు, ఒక కరెంటు బట్టీ పెట్టి, పేటలో ఎవరైనా వచ్చి మట్టి పని నేర్చుకోవచ్చన్నారు. మొదటి మూడు నెలలూ ఆవిడ చేసిన గిన్నెలన్నీ పక్కకి ఒరిగి, ఎవరో చెప్పే రహస్యం వింటున్నట్టుండేవి. నాలుగో నెలలో ఒకటి నిటారుగా నిలబడింది. ఆ రోజు ఇంటికి నడిచే వెళ్లింది, బస్సు ఎక్కడం మర్చిపోయి.

ఇక ఈ మూత.

నిన్న ఇంటికి తీసుకెళ్లి జాడీ మీద పెడితే టక్కున కూర్చుంది. అరగంట సంతోషించింది. ఆ తర్వాత పాత అలవాటు కొద్దీ నోటుబుక్కు తీసి లెక్క సరిచూసింది. అక్కడ పట్టుబడింది.

జాడీ మెడ పదిహేను సెంటీమీటర్లు. ఇక్కడి మట్టి ఆరి, కాలి బయటికొచ్చేసరికి నూటికి పన్నెండు వంతులు కుంచించుకుపోతుంది. అందుకని పదిహేనుకి పన్నెండు శాతం కలిపి, పదహారు పాయింటు ఎనిమిది వెడల్పున పచ్చి మూత చేసింది. పన్నెండు శాతం కలిపినదాంట్లోంచి మళ్లీ పన్నెండు శాతం తీసేస్తే మొదటి అంకె రాదర్రా అని ఏటా ఎనిమిదో తరగతికి చెప్పింది తనే. చెప్పినావిడే చేసింది ఆ తప్పు. ఆ మూత కాలి వస్తే రెండు మిల్లీమీటర్లు తక్కువ రావాలి. జాడీ మెడ మీదికి దిగకూడదు. శుభ్రంగా దిగింది.

అంటే అది తన మూత కాదు. లోపలివైపు చూస్తే తన గుర్తే ఉంది, రెండు అడ్డగీతల సమానం గుర్తు. గుర్తుతో సహా ఎవరో మార్చేశారు. మొదటి ఏడాది కొత్తవాళ్లకి మెరుపు పూత కోసం గ్లేజులో ముంచడం, బట్టీలో పేర్చడం అన్నీ స్టూడియో నడిపే ఆవిడే చేస్తుంది కాబట్టి, ఈ మూడు వారాల్లో మూత టీచరమ్మ చేతికి మళ్లీ రానేలేదు. ఎవరైనా ఏదైనా చేసుండొచ్చు.

ఎవరు చేస్తేనేం, మూత సరిపోయిందిగా అని ఇంకొకరైతే ఊరుకునేవాళ్లు. ఈవిడకి ఊరుకునే వీల్లేదు. ఆ జాడీ అసలు మూత పగలగొట్టింది తనే, తొమ్మిదేళ్ల వయసులో. పెంకులు తీసుకెళ్లి అక్క పుస్తకాల సంచీలో పెట్టింది. అమ్మ వారం రోజులు అక్కతో మాట్లాడలేదు. అక్క ఏడ్చి ఏడ్చి, చివరికి తను చెయ్యని పనికి క్షమించమని అడిగింది. యాభై రెండేళ్లయింది. వచ్చే నెల ముప్పయ్యో తారీఖున అక్క వస్తోంది. నా చేత్తో చేసిన మూత పెట్టి జాడీ చేతికిచ్చి, అప్పుడు నిజం చెప్పాలని టీచరమ్మ ఆలోచన. ఎవరో చేసిన మూత పెట్టి నేనే చేశానంటే, నిజం చెప్పబోతూ ఇంకో అబద్ధం చెప్పినట్టవుతుంది.

అందుకని టీ చల్లారిపోతున్నా తాగకుండా ముగ్గురినీ చూస్తోంది. పక్కన నర్సు. చెయ్యి నెమ్మది, పని చక్కన. మూత మార్చేసేంత చాతుర్యం ఉంది. మెట్ల మీద ప్లంబరు. స్టూడియో తాళంచెవి ఒకటి అతని దగ్గరే ఉంటుంది. ఎదురుగా కండక్టరు గారు. ఆయన మాటల్లో అబద్ధాలున్నంతగా ఆయన చేతిలో పని లేదని ఇంతవరకూ ఆవిడ నమ్మకం.

"మూత వచ్చిందటగా టీచరమ్మా?" అన్నారు కండక్టరు గారు.

"వచ్చిందండీ."

"సరిపోయిందా?"

"సరిపోయింది." అనుమానంగా చూసింది. ఎవరూ అడగని ప్రశ్న ఈయనెందుకు అడిగినట్టు?

"సరిపోకేం చేస్తుంది! దానికోసం నేను పడ్డ పాట్లు మీకేం తెలుసు? చెప్పకూడదనుకున్నాను. గొప్పలు చెప్పుకోవడం నాకు పుట్టుకతో చేతకాదు."

ప్లంబరు టీ గ్లాసులోకి దగ్గాడు.

"మూడు వారాల కిందటి మంగళవారం. మీరంతా వెళ్లిపోయారు. నేను సగం దారిలో ఉండగా గొడుగు గుర్తొచ్చింది. స్టూడియో ఆవిడ తాళం వెయ్యలేదింకా, లోపలికొచ్చాను. అడుగు పెట్టానో లేదో బయట లారీ పోయింది, గోడలదిరాయి, అరలు కదిలాయి, పై అరలోంచి మీ మూత, పచ్చిది, అంచు దాకా వచ్చి ఇటు ఊగి అటు ఊగి జారింది. నా కుడిచేతిలో టీ గ్లాసు. ఏం చెయ్యను? ఎడం చెయ్యి చాపాను. పట్టాను. మూత నలగలేదు, గ్లాసులో టీ తొణకలేదు. ఇదేం పెద్ద విషయమని కాదు. మలుపు తిరిగే బస్సులో డెబ్భై మంది మధ్య నిలబడి ముప్పైనాలుగేళ్లు టికెట్లు చింపిన చెయ్యి ఇది."

"అందరూ వెళ్లిపోయాక టీ ఎవరిచ్చారు బాబాయ్?" అన్నాడు ప్లంబరు.

"నేనే పెట్టుకున్నానురా అల్లుడూ. మూత ప్రాణాలతో ఉందా లేదా అని అడగవేం, టీ సంగతి నీకెందుకు?"

"పై అరలోంచా?" అంది టీచరమ్మ.

"పై అరలోంచే."

ఆ మంగళవారం పై అర నిండిపోయింది. మూత ఎక్కడ పెట్టిందో టీచరమ్మకి బాగా గుర్తుంది. గుర్తున్నది బయటికి అనలేదు. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు మొదటి తప్పు దగ్గర ఆగిపోకూడదు, చివరి దాకా చూడాలి.

"పట్టానా, చూస్తే అంచు ఇంత, ఇదుగో ఇంతే, వంకరపోయింది. పాపం టీచరమ్మ కష్టపడి చేసిందే, సరిచేద్దామని నా చక్రం మీద పెట్టి పెడల్ మీద కాలు ఆనించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పెడల్ బిగుసుకుపోయింది" అన్నాడు ప్లంబరు.

"బిగుసుకుపోయింది! నీకెలా తెలుసురా?"

"పోయిన వారం కథలో కూడా బిగుసుకుపోయిందిగా."

"పోయిన వారం బిగుసుకోవడం వేరు, ఇది వేరు. ఇక చూడు, చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది, కాలు తీసినా ఆగదు, ప్లగ్గు పీకినా ఆగదు. అరల మీద కప్పిన గుడ్డలన్నీ లేచి నిలబడ్డాయి. నా తల మీద ఈ నాలుగు వెంట్రుకలూ ఉన్నాయే, ఆ రోజు పొద్దున్న ఇవి నాలుగొందలు. బల్బు స్విచ్చి వెయ్యకుండానే వెలిగింది. నా చక్రం సంగతి మీకు తెలుసుగా, నాది ఎడమచేతి వాటం కాబట్టి మీ అందరి చక్రాలకీ ఎదురు తిరుగుతుంది. మీ చక్రమైతే ఏమయ్యేది కాదు. ఎదురు తిరిగేసరికి పునాదికి పట్టు తప్పింది. నెమ్మదిగా బిల్డింగు తిరగడం మొదలెట్టింది."

"బిల్డింగా!" అంది నర్సు.

"బిల్డింగే! ఈ వరండా, ఈ బెంచీలు, మెట్లతో సహా. ముందు వీధిలో ఉండాల్సిన గుమ్మం వెళ్లి వెనక వీధిలో తేలింది. అక్కడ సెలూన్లో ఒకాయన సగం గడ్డం గీయించుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. ఎదురుగా కదిలే మెట్లు, కదిలే కమ్మీలు. బస్సనుకున్నాడు. సబ్బు నురగతోనే ఎక్కేశాడు. ఆయన్ని చూసి కూరగాయల సంచీతో ఒకావిడ. ఆవిడ వెనక ఇద్దరు. చుట్టుకి ఐదారుగురు చొప్పున ఎక్కడమే, దిగేవాళ్లు లేరు. ఎనిమిదో చుట్టుకి వరండాలో నిలబడ్డవాళ్లే నలభై ఒకరు. 'లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది' అంటున్నాను, ఒక్కడు జరిగితే ఒట్టు. జేబు చూసుకుంటే టికెట్లు లేవు, రిటైరయ్యాను కదా. అప్పుడేం చేశానో తెలుసా? మట్టి తీసి పల్చగా ఒత్తి, ముక్కలు కోసి, గోటితో చిల్లు పొడిచి మనిషికొకటి ఇచ్చాను."

"మట్టి టికెట్లా అంకుల్?"

"నా సర్వీసులో టికెట్ లేకుండా ఒక్కడు ప్రయాణం చెయ్యలేదమ్మా. ఆ రోజు మాత్రం ఎందుకు చెయ్యనిస్తాను?"

"ఇంతకీ వాళ్లంతా ఎక్కడికెళ్లారు?"

"ఎక్కడికెళ్తారు, ఎక్కినచోటే దిగారు. సీటు దొరకలేదని తిట్టుకుంటూ దిగారు. అది మామూలే. 'హోల్డాన్' అని నేను ఒక్క అరుపు అరిచాకే బిల్డింగు ఆగింది. సరిగ్గా పాత చోటే ఆగింది, ఓ రెండంగుళాలు తేడా. కావాలంటే చూడండి, ఆ కిటికీ తలుపు అప్పట్నించే సరిగ్గా పడటం లేదు."

నర్సు నిజంగానే వెనక్కి తిరిగి కిటికీ చూసింది. టీచరమ్మ చూడలేదు. ఆవిడ చూపు కండక్టరు గారి చేతి మీద ఉంది. ఎడం చెయ్యి గాల్లో తిరుగుతోంది. ఎటు తిరుగుతోందో చూస్తోంది.

"బిల్డింగు ఆగింది సరే, మూత ఆగిందా? ఆగలేదు! చక్రం మీంచి లేచి, కిటికీలోంచి దూసుకెళ్లి, నీళ్ల ట్యాంకు చుట్టూ మూడు చుట్లు తిరిగింది. పావురాలు భయపడి దారిచ్చాయి. నేను ఇక్కడే నిలబడి ఎడం చెయ్యి చాపాను. ఎక్కడికి పోతుంది? వచ్చి అరచేతిలో వాలింది."

"చెయ్యి తిమ్మిరెక్కలేదా బాబాయ్, అంతసేపు చాపి?"

"ఎక్కింది. ఎక్కితే దించమన్నావా? ఇదంతా ఒక ఎత్తు, బట్టీ ఒక ఎత్తు. బట్టీ వెలిగించిన రోజు మధ్యాహ్నం ఊరికే అటు వెళ్లి ఆ తలుపు చిల్లులోంచి చూశాను. లోపల పన్నెండొందల డిగ్రీలు. మీ గిన్నెలు, నర్సమ్మ కప్పులు అన్నీ బుద్ధిగా కూర్చుని ఎర్రగా కాలుతున్నాయి. మీ మూత మాత్రం కుంచించుకుపోతోంది. నాకు ఒళ్లు మండింది."

"పన్నెండొందల డిగ్రీలకి మండదా మరి" అంది నర్సు.

"తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాను."

"ఏదీ, చెయ్యి చూపించండి." నర్సు ఆయన చెయ్యి లాక్కుని అటూ ఇటూ తిప్పింది. "ఒక్క బొబ్బ లేదే!"

"తడిగుడ్డ చుట్టుకున్నానమ్మా, నాకా మాత్రం తెలీదా? మూత అంచు పట్టుకుని గట్టిగా చెప్పాను. 'చూడమ్మాయ్, నీకు తక్కువైంది రెండు మిల్లీమీటర్లు. ఆ రెండూ పెరిగితే గానీ నిన్ను బయటికి రానివ్వను' అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సిగ్గుపడింది. పెరిగింది! బట్టీలో మట్టి పెరగడం ఈ భూమ్మీద అదే మొదలు, అదే ఆఖరు."

టీచరమ్మ చల్లారిన టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"ఎన్ని మిల్లీమీటర్లన్నారు?"

"రెండు" అన్నారు కండక్టరు గారు, ఇంకా ఆ ఊపులోనే.

"ఒకటి కాదు, మూడు కాదు. రెండు."

"రెండే."

"నా మూతకి రెండు మిల్లీమీటర్లు తక్కువని నాకే రాత్రి తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. మీకు మూడు వారాల ముందే ఎలా తెలిసింది?"

కండక్టరు గారి నోరు తెరుచుకునే ఉంది, మాట రాలేదు. వాళ్లకి తెలిసి అలా జరగడం అదే మొదటిసారి. ప్లంబరు మెట్టు మీంచి లేచి దగ్గరికొచ్చాడు.

టీచరమ్మ సంచీలోంచి మూత తీసి, లోపలివైపు పైకి వచ్చేలా ఒళ్లో పెట్టుకుంది. పక్కనే నర్సు చేతిలోని బిస్కెట్ల గిన్నె అందుకుని బిస్కెట్లు బెంచీ మీద పోసేసింది. అది తను చేసిన గిన్నే. "రెండిట్లోనూ వేలి గీతలు చూడండి. మధ్యలో మొదలై అంచు దాకా చుట్టుకుంటూ వస్తాయి. నా గిన్నెలో గడియారం ముల్లు తిరిగే వైపు వస్తున్నాయి. నర్సు గారి కప్పుల్లో అంతే, ఈ ప్లంబరు అబ్బాయి కుండీల్లో అంతే. ఈ మూతలో ఎదురు వస్తున్నాయి. ఇక్కడ ఎదురు తిరిగే చక్రం ఎవరిదో ఇందాక మీరే చెప్పారు."

నర్సు వేలు పెట్టి గీత వెంట తిప్పింది. నిజమే.

"గుర్తుతో సహా వేశారు. ఎందుకు? నా మూత ఏమైంది? పై అరలో లేదది. చోటు లేక కిటికీ పక్క స్టూలు మీద పెట్టి గుడ్డ కప్పాను. చెప్పండి."

"స్టూలు మీదే ఉంది" అన్నారు కండక్టరు గారు. ఆ గొంతు ఎవరూ విన్నది కాదు. "గొడుగు కోసం వచ్చింది నిజం. చెప్పు పట్టీ ఊడింది. వేసుకుందామని కూర్చున్నాను."

"దేని మీద?"

"స్టూలు మీద."

"గుడ్డ కప్పి ఉంది కదా!"

"గుడ్డ ఉందనే కూర్చున్నాను. మెత్తగా ఉంటుందని."

నర్సు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. టీచరమ్మ నవ్వలేదు.

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్దామనే అనుకున్నాను. మీరు ఆ మూత గురించి ఎన్ని రోజులు చెప్పారు! అక్కగారికనీ, అమ్మగారి జాడీ అనీ. సరే, ఇంకోటి చేసి పెట్టేద్దామనుకున్నా. మీ లెక్క కాయితం స్టూలు దగ్గరే పడి ఉంది. పదహారు పాయింటు ఎనిమిది. నాకు లెక్కలు రావు, గోడ మీద పట్టిక ఉందిగా, అది చూశాను. పదిహేను కావాలంటే పదిహేడు చెయ్యమని ఉంది. రెండు మిల్లీమీటర్లు తేడా."

"పట్టికెక్కడుంది?"

"మీ ఏప్రను మేకు కిందే. ఆర్నెల్ల నుంచీ మీ ఏప్రను దాని మీదే వేలాడుతోంది. ఏప్రను కట్టుకున్నప్పుడేమో మీరు దానికి వీపు పెట్టి కూర్చుంటారు."

టీచరమ్మకి చెవులు వేడెక్కాయి. "లెక్క తప్పని ఆ మాటైనా చెప్పొచ్చుగా?"

"ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషికి బస్సు కండక్టరొచ్చి మీ లెక్క తప్పంటే బాగుంటుందా?"

"బాగుండదు" అంది. ఇప్పుడూ బాగాలేదు.

మూత పాడుచేసి దాచిపెట్టిందెవరైనా సరే కడిగేద్దామని రాత్రంతా మాటలు సిద్ధం చేసుకుంది. తీరా చూస్తే ఆ విషయంలో ఒకరికి చెప్పే మొహం తనకి లేదు. ఈయన కనీసం పెంకులు ఇంకొకరి సంచీలో పెట్టలేదు.

"ఎన్నోసారికి వచ్చింది ఈ మూత?"

"మొదటిసారికే. కళ్లు మూసుకుని..." ఆగారు. మూత వైపు చూశారు. "పంతొమ్మిదోసారికి."

"నాలుగు రోజులు ఆ మూల చక్రం దగ్గర్నించి లేవలేదు" అన్నాడు ప్లంబరు, ఇప్పుడు అర్థమైనట్టు. "నడుం పట్టేసిందన్నావు. ట్రక్కు ఎత్తానని చెప్పావు కదా బాబాయ్!"

టీచరమ్మ మూత తీసి కండక్టరు గారి చేతిలో పెట్టింది. "ఇది మీది. బాగా చేశారు. ఇంట్లో పదిహేను సెంటీమీటర్ల జాడీ ఉంటే వాడుకోండి. నా మూత నేను చేసుకుంటాను."

"అక్కగారు వచ్చేలోపు బట్టీ ఉందా?" అంది నర్సు.

"వచ్చే నెల ఇరవయ్యో తారీఖున ఉంది. సరిపోతుంది." అక్కకి ఒక మూత సంగతి చెప్పాలనుకుంది, ఇప్పుడు మూడు మూతల సంగతి చెప్పాలి. టైము పడుతుంది. పట్టనీ.

అందరూ లేచి లోపలికి నడిచారు. ఖాళీ మేకు కింద, ఆర్నెల్లుగా ఏప్రను వెనక దాక్కున్న పట్టిక స్పష్టంగా కనిపిస్తోంది. పదిహేనుకి ఎదురుగా పదిహేడు.

"మీ ఏప్రనేదీ?" అన్నారు కండక్టరు గారు, ఖాళీ మేకుని చూసి. సంగతి అర్థమై మొహం పాలిపోయింది.

టీచరమ్మ సంచీలోంచి ఏప్రను తీసి, దులిపి, నడుముకి బిగించి కట్టుకుంది. ఓ మట్టి ముద్ద కోసుకుని తన చక్రం మీద కొట్టింది. కుర్చీ ఇటు తిప్పుకుంది, పట్టిక ఎదురుగా కనిపించేలా.

"అయితే మేడమ్, బిల్డింగు తిరిగిందన్నది?" అన్నాడు ప్లంబరు, ఆఖరి లెక్క కూడా తేల్చేయమన్నట్టు.

కండక్టరు గారు తల దించుకున్నారు.

"ఆ పూట నేనిక్కడ లేను" అంది టీచరమ్మ, చేతులు తడుపుకుంటూ. "తిరగలేదని నేనెలా చెప్పను?"

కండక్టరు గారు తలెత్తారు. మూతని ఎడం చేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుని, తన మూలకి వెళ్లి, స్టూలు మీద పరిచిన గుడ్డ ఎత్తి కింద ఏమీ లేదని రెండుసార్లు చూసుకుని కూర్చున్నారు. టీచరమ్మ పెడల్ మీద కాలు పెట్టింది.

"రైట్, రైట్" అన్నారాయన.